మిలిటరీ తాత కథ రాసిపెట్టుకోవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

మా తాత సంవత్సరీకానికి ఇంట్లోవాళ్ళ కోసం చిన్న పుస్తకం ఒకటి వేశాం. ఆయన సైన్యానికి సరుకులు చేరవేసే ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవరు. పదిహేనేళ్ళు మిలిటరీ లారీ నడిపాడు. తర్వాత చిత్తూరు బెల్లం మండీలో లారీ, ఆ తర్వాత చచ్చేదాకా మామిడితోట. పుస్తకం చూసినవాళ్ళు ‘మా నాయనకూ ఇట్లాంటిది ఒకటి వేయాలబ్బా, ఎట్లా?’ అని ఫోన్లు చేస్తున్నారు. పాకాల, పూతలపట్టు, చంద్రగిరి వైపు ‘మిలిటరీ ఆయన’ ఇల్లు ఎక్కడంటే చూపించే ఊళ్ళు చాలానే ఉన్నాయి. ఆ తరంలో ఎక్కువమంది ఎనభై దాటినవాళ్ళే. అందరూ అడిగేవి దాదాపు ఒకటే కాబట్టి జవాబులు ఒకచోట పెడుతున్నాను.

మొదట ఏం వెతకాలి?

ట్రంకుపెట్టె. నల్లరంగు ఇనుప పెట్టె, మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు రాసి ఉంటుంది. ఇప్పుడందులో చింతపండో, పాత పెళ్ళిపత్రికలో ఉంటాయి. మొత్తం ఖాళీ చేయండి. అడుగున పరిచిన పేపరు కూడా ఎత్తి చూడండి. మా తాత పెట్టె మీద పేరు కింద ‘పాకాల’ అని ఉంది, మా ఊరి పేరే లేదు. లీవు మీద వచ్చే సిపాయికి రైలు వారంటు (సర్కారు ఖర్చుతో టికెట్టు ఇప్పించే కాగితం) ఇచ్చేది స్టేషన్ దాకానే. అక్కడి నుంచి ఇంటికి ఎట్లా పోతాడన్నది ఆయన కాళ్ళ సంగతి.

పెట్టెలో దొరకాల్సిన అసలు కాగితం డిశ్చార్జ్ బుక్కు. చేరిన తేదీ, వదిలిన తేదీ, ట్రేడు, ఎత్తు, ఒంటిమీద గుర్తులు, చదువు, మెడల్స్, చివర్లో నడవడిక, అన్నీ అందులో ఉంటాయి. నడవడిక దగ్గర ‘ఎగ్జెంప్లరీ’ అని ఉంటే అంతకన్నా పై మాట లేదని అర్థం. చదువు గడి మాత్రం తప్పకుండా చూడండి. మా తాతకు అక్కడ రెండు వరుసలున్నాయి: సివిల్ చదువు ఐదో తరగతి, ఆర్మీ చదువు థర్డ్ క్లాస్ సర్టిఫికెట్. ఊళ్ళో బర్రెల వెనక ఆగిపోయిన చదువును బ్యారక్‌లో మళ్ళీ అందుకున్నాడన్నమాట. సైన్యంలో ఆ రోజుల్లో హిందీని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం నేర్పేవాళ్ళు. తర్వాత బెల్లం లారీ డీజిలు లెక్కలు కూడా ఆయన అట్లాగే రాసుకున్నాడు. ఆ నోటుబుక్కు మా ఇంట్లో చాలా ఏళ్ళు ఎవరికీ అర్థం కాలేదు.

డిశ్చార్జ్ బుక్కు పోయింది. ఇప్పుడెట్లా?

ఆర్మీ నంబరు ఉంటే సగం పని అయినట్టే. పింఛను కాగితం (పీపీఓ), పాత క్యాంటీన్ కార్డు, మాజీ సైనికుల వైద్యానికి ఇచ్చే ఈసీహెచ్‌ఎస్ కార్డు, మెడల్ అంచు, ట్రంకు మూత, వీటిలో ఎక్కడో ఒకచోట నంబరు దొరుకుతుంది. ‘జేసీ’ అని మొదలైతే ఆయన నాయబ్ సుబేదార్ లేదా ఆ పై ర్యాంకు దాకా వెళ్ళినట్టు.

సర్వీసు వివరాలు ఉండేది ఆయా దళాల రికార్డు ఆఫీసుల్లో. మద్రాస్ రెజిమెంట్‌ది నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, ఇంజనీరింగ్ దళమైన మద్రాస్ శాపర్స్‌ది బెంగళూరులో, బండ్లు, ఆయుధాలు బాగుచేసే ఈఎంఈది సికింద్రాబాద్‌లో, ఫిరంగిదళానిది నాసిక్ రోడ్‌లో, సిగ్నల్స్‌ది జబల్‌పూర్‌లో. మా తాతలా సర్వీస్ కోర్ దక్షిణ విభాగమైతే బెంగళూరే. వారసుల తరఫున ఉత్తరం రాయాలి. నంబరు, పేరు, మరణ ధ్రువపత్రం, మీకు ఆయనకు చుట్టరికం చూపే కాగితం జతచేయాలి. నేరుగా రాయడానికి టెన్షన్‌గా ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి, వాళ్ళ ద్వారా పంపొచ్చు. జవాబు తొందరగా వస్తుందని ఆశ పెట్టుకుని సంవత్సరీకం తేదీకి ముడిపెట్టకండి.

పుట్టిన తేదీ కాగితంలో ఒకటి, అవ్వ చెప్పేది ఒకటి. ఏది రాయాలి?

రెండూ రాయండి. పూర్వం భర్తీకి వెళ్ళిన పిల్లకాయలకు బర్త్ సర్టిఫికెట్ ఎక్కడిది? వయసు ఎక్కువైనవాళ్ళు తగ్గించి చెప్పారు, చాలనివాళ్ళు పెంచి చెప్పారు. మా తాత కాగితంలో 1942. అవ్వ లెక్కలో ‘బహుధాన్య’ నామ సంవత్సరం, అంటే 1938-39.

ఇంట్లో పెద్దవాళ్ళు సంవత్సరం పేరు గుర్తుపెట్టుకుని ఉంటే ఇట్లా సరిచూసుకోండి: 1934 ఉగాది నుంచి భావ, 1935 యువ, 1936 ధాత, 1937 ఈశ్వర, 1938 బహుధాన్య, 1939 ప్రమాది, 1940 విక్రమ, 1941 వృష. పేరు కూడా గుర్తులేకపోతే ‘ఎవరికన్నా ముందు పుట్టాడు, ఎవరి తర్వాత పుట్టాడు’ అని అడిగి అన్నదమ్ముల వరుస కట్టండి.

పుస్తకం వరకు ఇబ్బంది లేదు గానీ డబ్బు దగ్గర ఈ తేడా బాగానే తగులుతుంది. పింఛనుదారుకు 80 ఏళ్ళు నిండితే మూలపింఛను మీద 20 శాతం అదనం, 85కు 30, 90కి 40, 95కు 50 శాతం, వందకు ఇంకో వంద శాతం. లెక్క కాగితంలో తేదీదే. మా తాత నాలుగేళ్ళు తగ్గించుకుని మిలిటరీలో చేరాడు, ఆ నాలుగేళ్ళూ ఎనభై దగ్గర కాచుకుని కూర్చున్నాడు.

సొంత జిల్లా ఏదని రాయాలి?

ఆయన పుట్టినప్పుడు చంద్రగిరి తాలూకా, చిత్తూరు జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4 నుంచి పాకాల, చంద్రగిరి తిరుపతి జిల్లాలో ఉన్నాయి. మనిషి కదల్లేదు, చిరునామానే మారుతూ పోయింది. కాగితంలో ఉన్నది రాసి, పక్కన ‘ఇప్పుడు తిరుపతి జిల్లా’ అని పెడితే చాలు.

మెడల్స్ ఆరు ఉన్నాయి. ఆయన అన్ని యుద్ధాలు చేశారా?

ఆరు మెడల్స్ ఉన్నాయంటే ఆరు సాహసాలు చేశాడని లెక్క కట్టకండి. 1960ల్లో చేరి 1970ల చివర్లో బయటికొచ్చిన సిపాయికి ఆ మాత్రం రావడం మామూలే.

1965లో యుద్ధరంగంలో ఉన్నవాళ్ళకు సమర సేవా స్టార్ ఇచ్చారు. రంగంలో లేకపోయినా అప్పుడు సర్వీసులో ఉన్నవాళ్ళకు రక్షా మెడల్. 1971కి తూర్పున పనిచేసినవాళ్ళకు పూర్వీ స్టార్, పడమటి వైపు వాళ్ళకు పశ్చిమీ స్టార్, మొత్తం మీద సర్వీసులో ఉన్నవాళ్ళకు సంగ్రామ్ మెడల్. స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్ళు నిండినందుకు 1972లో ఒక మెడల్. తొమ్మిదేళ్ళు సర్వీసు చేసినందుకు ఒకటి. సరిహద్దు కొండల్లో పనిచేసినందుకు సైన్య సేవా మెడల్, దాని రిబ్బను మీద చిన్న పట్టీలో ఆ ప్రాంతం పేరు ఉంటుంది. ఆయన ఎక్కడెక్కడ తిరిగాడో తేల్చుకోవాలంటే స్టార్లూ ఈ పట్టీలే దారి.

పరమవీర, మహావీర, వీర చక్రాలు, సేనా మెడల్ వేరే. అవి సాహసానికి ఇచ్చేవి, భారత గెజిట్‌లో పేరుతో అచ్చవుతాయి. అట్లాంటిది ఉంటే ఊరికి ముందే తెలిసి ఉంటుంది.

ఇంకో సంగతి. దయచేసి మెడల్స్‌ను చింతపండు పెట్టి తోమకండి. ఒక ఇంట్లో కోడలు కాణిపాకం కొబ్బరికాయల పళ్ళెంతోపాటు వాటినీ మెరిసేలా తోమిపెట్టింది. అంచు మీద చెక్కిన నంబరు, పేరు సగం అరిగిపోయాయి. పొడి గుడ్డతో తుడవండి, చాలు.

ఆయన కాల్పుల్లో పాల్గొనలేదని కాగితం చెబుతోంది. మరి యుద్ధం గురించి ఏం రాయాలి?

ఎక్కువమంది సంకోచపడే ప్రశ్న ఇదే. సినిమాలు చూసి చూసి, తుపాకి పేల్చకపోతే సిపాయే కాదన్నట్టు అయిపోయింది మనకు. వంటవాడు, డ్రైవరు, గుమస్తా, నర్సింగ్ అసిస్టెంట్ లేకుండా ఏ పటాలమూ కదలదు. పని ఏదో అదే రాయండి, అదే ఎక్కువ బరువుగా ఉంటుంది.

మా తాతది 1962 తర్వాతి భర్తీ. ఆ ఏడాది అక్టోబరు 20న మొదలైన చైనా యుద్ధం నవంబరు 21కి ఆగింది. ఆ దెబ్బతో సైన్యాన్ని బాగా పెంచారు, కొండల్లో పోరాడే కొత్త డివిజన్లు కట్టారు. కొండ మీద సిపాయి ఉంటే ఆయనకు బియ్యం, కిరసనాయిలు, గుండ్లు కింద నుంచే పోవాలి. బెంగళూరులో ట్రైనింగ్ అయ్యాక ఆయన చేతికి శక్తిమాన్ లారీ వచ్చింది. జర్మనీ కంపెనీ లైసెన్సుతో జబల్‌పూర్‌లో 1959 నుంచి తయారు చేసిన బండి అది. అస్సాంలోని తేజ్‌పూర్ నుంచి బొమ్డిలా మీదుగా, చైనా సరిహద్దు దగ్గరున్న తవాంగ్ దారి. మధ్యలో సేలా కనుమ ఎత్తు సుమారు 13,700 అడుగులు. తలకోన కొండే పెద్ద కొండ అనుకున్న కుర్రాడికి అదెట్లా ఉండిందో ఆయన మాటల్లోనే మాకు దొరికింది: ‘మంచులో చక్రాలకు గొలుసులు కట్టాల. చేతులకు గ్లవుజులు వేసుకుంటే కొక్కెం పట్టు దొరకదు. విప్పితే వేళ్ళు ఇనుముకు అతుక్కుంటాయి.’

1971 యుద్ధం డిసెంబరు 3 నుంచి 16 దాకా. ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది, సుమారు 93,000 మంది ఖైదీలయ్యారు. ఆ పద్నాలుగు రోజుల గురించి తాత చెప్పింది రెండే ముక్కలు: రాత్రిళ్ళు లైట్లు వేయకుండా ముందు బండి వెనక చుక్కను పట్టుకుని నడపడం, నిద్ర లేకపోవడం. మేం అంతే రాశాం. చిన్నాయన ఇంకొంచెం కారం వేయమన్నాడు. వేయలేదు.

ఆయన ఇంకా ఉన్నారు, కానీ అడిగితే ‘ఏముందిలేరా’ అంటారు. ఎట్లా రాబట్టాలి?

‘యుద్ధం గురించి చెప్పు తాతా’ అంటే ఎవరూ చెప్పరు. చేతికి తగిలే వస్తువు గురించి అడగండి. ఇంట్లో ఎంత డబ్బుతో బయల్దేరావు? కాట్పాడిలో ఏ రైలెక్కావు? మొదటి నెల మెస్సులో ఏం పెట్టారు, రాగిసంకటి ఎన్నాళ్ళకు మళ్ళీ తిన్నావు? పక్కమంచం వాడిది ఏ ఊరు? మన జిల్లావాళ్ళకు అరవం వస్తుంది కాబట్టి మద్రాస్ రెజిమెంట్‌లో పడినవాళ్ళకు భాష ఇబ్బంది తక్కువ. వాళ్ళను ‘వీర మద్రాసి, అడి కొల్లు, అడి కొల్లు’ నినాదం ఒక్కసారి చెప్పమనండి. గొంతు మారిపోతుంది, ఆ వెనకే కథలు వస్తాయి.

కెమెరా ఎదురుగా పెట్టకండి. ఫోన్ రికార్డింగులో పెట్టి, చెప్పి, పక్కన పడేయండి. పొద్దున టిఫిన్ తర్వాత గంట చాలు. పిల్లలను కూర్చోబెట్టండి. మనకు చెప్పని సంగతి మునిమనవడికి చెబుతారు. చెబుతూ చెబుతూ ఆగిపోతే వదిలేయండి, తవ్వకండి. అక్కడ ఉండేది ఆయన సొంతం.

అవ్వ గురించి ఎంత రాయాలి?

నన్నడిగితే సగం. ఏటా రెండు నెలల లీవు, మిగతా పది నెలలు ఆమే నాయన, ఆమే మొగుడు. బావి కాడ వంతు గొడవలు, వేరుశనగ కూలీలు, పిల్లల జ్వరాలు, అత్తామామల మంచాలు అన్నీ ఆమే చూసింది. డిశ్చార్జ్ బుక్కులో ఆమె ఉండేది ఒక్క గడిలో, అదీ పేరు తప్పుగా.

పాత ఉత్తరాలుంటే వరుసలో పెట్టండి. సైనికుడి చిరునామాలో ఊరు ఉండదు. ‘56 ఏపీఓ’ (ఆర్మీ పోస్టాఫీసు) అని ఉంటే పడమర, ఉత్తర సరిహద్దుల వైపు, ‘99 ఏపీఓ’ అయితే తూర్పు. మా అవ్వకు చదువు రాదు. ఉత్తరం వస్తే పోస్టుమాస్టరు చదివి వినిపించేవాడు, ఆయనే జవాబు రాసేవాడు. కాబట్టి ఆ ఉత్తరాల్లో మొగుడూపెళ్ళాల ముచ్చట్లేవీ లేవు, అంతా వర్షం, ఎద్దులు, మనియార్డరు ముట్టింది. అవ్వ తన మాటగా చెప్పించింది ఎక్కడో తెలుసుకోవాలంటే చివరి వాక్యం చూడాలి. ప్రతి ఉత్తరంలోనూ అది ఒకటే: ‘బండి మెల్లగా నడపమని చెప్పేది.’

మిలిటరీ నుంచి వచ్చాక జీవితం మామూలుదే. అది కూడా రాయాలా?

1978లో ఇల్లు చేరాడు, పోయేనాటికి ఎనభై ఐదు దాటాయి. లెక్క మీరే చేయండి. సిపాయికి పింఛను రావాలంటే కనీసం పదిహేనేళ్ళ సర్వీసు. అది అయ్యేసరికి నడివయసు కూడా రాదు, బతుకు సగం కంటే ఎక్కువ ముందే ఉంటుంది. పుస్తకాలు మాత్రం యూనిఫారంలోనే ఆగిపోతాయి.

మా పుస్తకంలో పెద్ద అధ్యాయం బెల్లం లారీదీ తోటదీ. మన వైపు వేరుశనగ ఒక ఏడు పండితే రెండేళ్ళు ఎండేది. బోర్లు వేసి అప్పులపాలైనవాళ్ళను చూసి చాలామందిలాగే ఆయన కూడా తోతాపురి మొక్కలు నాటాడు. మొక్కలు కాపుకొచ్చేదాకా లారీ. తెల్లారుజామున బండి తీసే ముందు ఇనుపకడ్డీతో ఆరు టైర్లూ కొట్టి శబ్దం వినేవాడు. గాలి తక్కువైతే మోత మొద్దుగా వస్తుంది. తర్వాత ట్రాక్టర్‌కూ అదే, మనవడి సైకిల్‌కూ అదే. జూన్, జులైలో కాయలు దిగేటప్పుడు గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రాత్రంతా బారులు తీరి ఉంటాయి కదా, ఆయన ట్రాక్టర్ కింద దుప్పటి పరుచుకుని హాయిగా నిద్రపోయేవాడు. ధర పడిపోయిన ఏడు కాయలు కొనే ర్యాంపు కాడ కుర్రోళ్ళంతా రేగిపోతుంటే ఆయన కాయల లెక్క రాసుకుంటూ కూర్చున్నాడట. ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇట్లాంటివి ఏ రికార్డు ఆఫీసులోనూ దొరకవు. కూలికి వచ్చినవాళ్ళను, టీకొట్టు ఆయనను, తోట పక్క తోట వాళ్ళను అడగండి.

కోపం, తాగుడు, అన్నదమ్ముల తగాదాలు రాయొచ్చా?

కోపం రాయండి. అన్నం కంచం దగ్గర ఆలస్యంగా వచ్చినవాళ్ళను లేపి పంపిన సంగతి రాయకపోతే ఇంట్లో ఎవరూ ఆ పుస్తకంలో ఆయనను గుర్తుపట్టరు. క్యాంటీన్ కోటా సంగతి మీ ఇష్టం. మా తాత కోటా ఆయనకంటే ఊరే ఎక్కువ తాగింది. భూమి తగాదాలు మాత్రం, కేసు నడుస్తుంటే, వదిలేయండి. పుస్తకం రేపు కోర్టులో కాగితమవుతుంది.

కర్మక్రియల ఫ్లెక్సీలో ‘అమరవీరుడు’ అని వేయొచ్చా? శవం మీద జాతీయజెండా కప్పొచ్చా?

విధినిర్వహణలో ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళకు ఆ గౌరవం వదిలేయండి. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద ఉన్నవి వాళ్ళ పేర్లే. నిండు వయసులో మంచం మీద పోయిన పెద్దాయనకు ‘మాజీ సైనికుడు’ అని, ముందు ఆయన ర్యాంకు, పక్కన రిటైర్డ్ అని వేస్తే నిండుగా ఉంటుంది. ర్యాంకు విషయంలో పీపీఓ చూడండి, రిటైరయ్యాక హానరరీ ర్యాంకు వచ్చి ఉండొచ్చు. ఫ్లెక్సీ షాపువాళ్ళు వెనకాల కార్గిల్ శిఖరం, చేతిలో ఎవరిదో తుపాకి అతికిస్తారు. డిజైన్ చేసేటప్పుడు పక్కన కూర్చోండి.

జెండా ఇంటివాళ్ళు సొంతంగా కప్పకూడదు. ప్రభుత్వ లాంఛనాలతో, సైనిక, పారామిలిటరీ లాంఛనాలతో జరిగే అంత్యక్రియలకే చట్టం ఒప్పుకుంటుంది. అట్లా కప్పినప్పుడు కాషాయం తలవైపు ఉండాలి, జెండాను చితిలో గానీ గుంతలో గానీ వేయకూడదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి, మాజీ సైనికుల సంఘానికి కబురు చేయండి. మా తాతకు ఆయన ఈడు వాళ్ళు మెడల్స్ పెట్టుకుని వచ్చి సెల్యూట్ చేశారు. ఒకాయన కర్రతో వచ్చాడు. సెల్యూట్ అప్పుడు కర్ర మనవడికిచ్చి నిలబడ్డాడు.

అవ్వకు పింఛను మారాలంటే?

పుస్తకం కంటే ముందు ఇది చూడండి. 21 రోజుల్లోపు మరణాన్ని నమోదు చేయించి ధ్రువపత్రం తీసుకోండి. పింఛను ఇచ్చేవాళ్ళకు వెంటనే చెప్పండి. చెప్పకుండా ఏటీఎంలో తీసుకుంటూ పోతే తర్వాత ఆ డబ్బు వెనక్కి రాబడతారు. పీపీఓలో భార్య పేరు ఉంటే పని సులువు. పాత పీపీఓల్లో పేరు లేకపోవడం, ఉన్నా ఆధార్‌లోని పేరుతో కలవకపోవడం మామూలు. అప్పుడు రికార్డు ఆఫీసులో పార్ట్ టూ ఆర్డర్ (పెళ్ళి, పిల్లల వివరాలు ఎక్కించే సైనిక ఉత్తర్వు) సరిచేయించాలి. ఆయన ఉండగానే చేయించుకుంటే ఒక ఉత్తరంతో పోయేది. ఇప్పటికీ పెద్దాయన బతికున్న ఇళ్ళవాళ్ళు ఈ వారమే పీపీఓ తీసి చూడండి. ఆ తర్వాత అవ్వ కూడా ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 80 దాటిన అదనం ఆమెకూ వర్తిస్తుంది, అందుకని ఆమె పుట్టిన తేదీ కూడా సరిగ్గా ఎక్కించండి.

మెడల్స్, ట్రంకు ఎవరి దగ్గర ఉండాలి?

అవ్వ ఉన్నంతకాలం అవ్వ దగ్గర. ఆ తర్వాత పంచుకోవడానికి విడగొట్టకండి, వరుస చెడితే వాటి అర్థం పోతుంది. ఒకరింట్లో మొత్తం, మిగతా అందరికీ ఫొటోలు.

ఎన్ని పేజీలు, ఎన్ని కాపీలు?

ముప్పై, నలభై పేజీలు మించితే ఎవరూ చదవరు. అక్షరాలు పెద్దవిగా పెట్టండి, చదివేవాళ్ళలో సగంమంది కళ్ళజోళ్ళవాళ్ళే. ఫొటోలను ఫోన్‌తో తీయకుండా స్టూడియోలో స్కాన్ చేయించండి. ఇంటికొకటి చొప్పున లెక్కేసి పది ఎక్కువ వేయించండి. సంవత్సరీకం రోజు భోజనాల హడావిడిలో పంచితే విస్తరాకుల కింద పడి పోతాయి. తాంబూలం సంచిలో పెట్టి, వెళ్ళేటప్పుడు చేతికివ్వండి. చివర రెండు ఖాళీ పేజీలు వదలండి, మేనత్తలు తప్పులు పట్టి రాసి పంపడానికి. మా ఇంట్లో ఇప్పటికే రెండూ నిండిపోయాయి, మహాలయ అమావాస్యకు రెండో ముద్రణ వేస్తున్నాం.